గోల్ వెనక కూర్చున్న మనిషి

హసన్‌పర్తి చెరువు కట్ట మీద స్కూటీ ఆపడం నాకు అలవాటైపోయింది. నా ఆఫీసు మడికొండలో, ఇల్లు హనుమకొండలో. ఈ చెరువు ఆ దారిలో ఎక్కడా లేదు. అయినా ఆదివారం పొద్దున ఏదో ఒక వంక పెట్టుకుని ఇటు వస్తాను. చేపలు పట్టేవాళ్లు కట్ట పొడవునా వలలు ఆరేసి ఉంటారు. తడి నైలాన్ వాసన, అందులో నాచు, కొంచెం చేపల నీచు. పక్కనుంచి పోయేవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే మోకాళ్లు కొద్దిగా వంగుతాయి, అరచేతులు వాటంతటవే ముందుకు వస్తాయి. ముప్పై అయిదేళ్ల ఆడది కట్ట మీద నిలబడి గాల్లో బంతి పట్టబోతుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారో నాకు తెలుసు. అనుకోనీ. అది నాకు చేపల వాసన కాదు, ఫుట్‌బాల్ వాసన. కొమురయ్య సార్ వాసన.

సార్‌ను చూడనివాళ్లకు ముందు ఒక మాట చెప్పాలి. గోల్‌కీపర్ అంటే తాటిచెట్టంత మనిషిని ఊహించుకుంటారు. సార్ నాకంటే రెండు వేళ్లు పొట్టి. ఎడమచేతి చిటికెన వేలు విరిగి, సరిగ్గా అతకక, పక్కకు తిరిగి ఉండేది. హసన్‌పర్తిలో చేపలు పట్టే ఇంట్లో పుట్టి, వరంగల్‌లో బట్టల మిల్లులో దారం వడికే పనికి చేరి, ఆ మిల్లు టీముకు పదేళ్లకు పైగా గోల్ కాశాడు. ఆ రోజుల్లో మిల్లు మ్యాచ్ ఉందంటే బజారు సగం ఖాళీ అయ్యేదని మా నాన్న చెప్పేవాడు. ఇంకా బాగా ఆడగలిగే వయసులోనే సార్ ఆట మానేశాడు. మోకాలు పోయిందని కొందరు, మిల్లు మూతపడబోతుందని ముందే తెలిసిందని కొందరు అనుకున్నారు. ఆ తర్వాత ఆయన కోచ్ అయ్యాడు. టీమ్‌కు కాదు, గోల్‌కీపర్లకు మాత్రమే. పెళ్లి చేసుకోలేదు. ఎందుకో మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

నేను ఆయనకు దొరికింది మా దుకాణంలో. వరంగల్ చౌరస్తా దగ్గర మాది స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం. సరుకంతా అటక మీద. నాన్న నిచ్చెన ఎక్కి ఒక్కో గిన్నె కిందికి వదిలేవాడు, నేను పట్టుకుని వరుసగా పేర్చేదాన్ని. అప్పుడు నాకు ఇంటర్ మొదటి సంవత్సరం. ఒకరోజు టిఫిన్ డబ్బా కొనడానికి వచ్చిన మనిషి, డబ్బా సంగతి మరిచిపోయి, గల్లా పక్కన నిలబడి చాలాసేపు నన్నే చూశాడు. నాన్నకు నచ్చలేదు.

"ఏం గావాలె నీకు?" అన్నాడు నిచ్చెన మీది నుంచే.

"డబ్బానే, సేటు. గని ఈ పిల్ల నీ దిక్కు సూస్తలేదు, గిన్నె దిక్కే సూస్తాంది. ఎవరు నేర్పిండ్రు?"

"సొట్టవడితె కొనేటోడు లేడని నేనే నేర్పిన."

"జర నాకియ్యి. గోల్ల నిలబెడ్త."

నాన్నకు అప్పుడు అర్థమైంది, వచ్చినవాడు తన చిన్నప్పుడు చప్పట్లు కొట్టిన కొమురయ్య అని. నిచ్చెన దిగి, కుర్చీ వేసి, చాయ్ తెప్పించాడు. ఆడపిల్లకు బంతులాట ఏందని అమ్మ వారం రోజులు సణిగింది. కానీ మిల్లు కీపర్ వచ్చి మా పిల్లను అడిగాడని బజారంతా చెప్పుకున్న నాన్నకు వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది. అలా నేను సాయంత్రాలు హనుమకొండ గ్రౌండుకు పోవడం మొదలైంది.

ఆయన నేర్పిన తీరు వేరు. మొదటి పదిహేను రోజులు బంతి ముట్టనివ్వలేదు. వల కట్టించాడు. మా గ్రౌండులో గోల్ స్తంభాలకు ఎవరో ఎప్పుడో ఇచ్చిన పాత వల ఉండేది. రాత్రికి రాత్రి మేకలు కొరికేవి, ఎలుకలు కొరికేవి, పందిరికి తాడు కావాలని మనుషులు కోసుకుపోయేవాళ్లు. సార్ రోజూ నాలుగు గంటలకే వచ్చి, జేబులోంచి వెదురుతో చేసిన వల సూది తీసి, చినిగిన కన్నులన్నీ ఒక్కొక్కటిగా అల్లేవాడు. అది వాళ్ల నాన్న చేపల వలలకు వాడిన సూది. అరిగిపోయి, నున్నగా, తేనె రంగులో ఉండేది. చెరువు దగ్గర వాడి మిగిలిన నైలాన్ దారమే ఆయన తెచ్చేది, అందుకే మా గోల్‌కు ఎప్పుడూ ఆ నీచు వాసన. మిగతా పిల్లలు దూరంగా ఉరికేవాళ్లు. నేను ఆయన పక్కన కూర్చుని వల చివర పట్టుకునేదాన్ని. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

వల కట్టడం అయ్యాక ఆయన చేసే పని ఒకటుండేది. బంతి రెండు చేతులతో తీసుకుని, నాలుగడుగులు వెనక్కి వచ్చి, మెల్లగా గోల్‌లోకి విసిరేవాడు. వల ఉబ్బి, బంతిని పట్టుకుని, కిందికి జార్చేది. అది నేల మీద ఆగేదాకా చూసి, "లోపల" అనేవాడు. గట్టిగా కాదు, తనకు తాను చెప్పుకున్నట్టు. ఆ తర్వాతే ప్రాక్టీసు మొదలు. వాన పడినా, ఎండ మండినా, ఒక్కరోజు తప్పలేదు. మేము వెనక నిలబడి పెదాలతో 'లోపల' అని వెక్కిరించేవాళ్లం. ఒకసారి నా నవ్వు బయటపడింది. సార్ వెనక్కి తిరిగి, "నవ్వుకోండ్రి, తప్పేం లేదు," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, మేము భయపడి మానేసేవాళ్లం.

మ్యాచ్‌లప్పుడు ఆయన చోటు గోల్ వెనక. మిగతా కోచ్‌లు గీత పక్కన నిలబడి అరుస్తుంటే, సార్ వల వెనక నాలుగు గజాల దూరంలో గొంతుకూర్చునేవాడు. "కీపర్‌కు ముందట పది మంది ఉంటరు. ఎనక ఎవ్వలుండరు బిడ్డా. అందుకే నేనుంట," అన్నాడు ఒకసారి. నిజంగానే, గోల్‌లో నిలబడినంత ఒంటరితనం నాకు ఇంకెక్కడా తెలియలేదు. ఆట అవతలి సగంలో జరుగుతున్నప్పుడు మనవాళ్లంతా చిన్న చిన్న చుక్కలై పోతారు, మన ఊపిరి మనకే వినిపిస్తుంది. అప్పుడు వెనక నుంచి సార్ దగ్గు వినపడితే ప్రాణం కుదుటపడేది.

ఇక ఆ ఫైనల్ సంగతి. డిగ్రీ రెండో సంవత్సరంలో కాలేజీల మధ్య పోటీలు. జిల్లా క్యాంపుకు ఎవరిని తీసుకోవాలో చూడటానికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి షామియానా కింద కూర్చున్నారు. అవతలి టీము ములుగు వైపు కాలేజీ. వాళ్ల ముందువరసలో ఆడే స్వరూపను నేను బస్సు దిగి నీళ్లకు పోయినప్పుడు నల్లా దగ్గర చూశాను. పాలంపేట దగ్గర పల్లె, నాట్లు వేసే వాళ్ల పిల్ల. ఎవరివో బూట్లు అరువు తెచ్చుకుంది, పెద్దవయ్యాయని ముందు భాగంలో దూది కుక్కుకుంటోంది. నన్ను చూసి, "నువ్వు కీపర్‌వా? జర మెల్లగ ఆపు," అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ రోజు మా బస్సు ఆలస్యమైంది. సార్ గ్రౌండులో దిగుతూనే సూది తీసి గోల్ దగ్గరికి ఉరికాడు. వల నిండా చిరుగులే. ఒక వైపు అంతా అల్లి, రెండో వైపు సగం దాకా వచ్చేసరికి రెఫ్రీ విజిల్ వేశాడు. "ఒక్క అయిదు నిమిషాలు," అన్నాడు సార్. షామియానా కింది వాళ్లు తొందరపెట్టారు. కుడి స్తంభం పక్కన, మోకాలి ఎత్తులో, బంతి పట్టేంత రంధ్రం ఒకటి మిగిలిపోయింది. సార్ సూదిని జేబులో పెట్టుకుని గోల్ వెనక కూర్చున్నాడు. బంతిని విసరలేదు, ఆ మాట అనలేదు. టైం లేకపోయింది.

మేము ఒక గోల్ ముందున్నాం. ఆట ఇంకో నాలుగైదు నిమిషాల్లో అయిపోతుందనగా స్వరూప ఒంటరిగా దూసుకొచ్చింది. నేను కుడివైపు దూకాను. బంతి నా వేళ్ల కొసలకు అందకుండా, స్తంభానికి లోపలి వైపు నుంచి పోయి, సరిగ్గా ఆ రంధ్రంలోంచి దూరి బయటికి దొర్లింది. దొర్లి దొర్లి సార్ కాళ్ల దగ్గర ఆగింది. నేను నేల మీద పడి ఉండి అంతా చూశాను. స్వరూప రెండు చేతులూ పైకెత్తింది. మావాళ్లు బయట, బయట అని అరిచారు. రెఫ్రీ చాలా వెనక ఉండిపోయాడు, గస పోసుకుంటూ వచ్చి, గోల్ వెనక బంతిని చూసి, నన్ను చూశాడు.

"కీపర్, నువ్వు చెప్పు. లోపలా, బయటా?"

"బయట సార్," అన్నాను.

ఆలోచించి అన్నానా అంటే చెప్పలేను. కానీ నోరు జారిందని ఎప్పుడూ బుకాయించుకోలేదు, నాకు తెలిసే అన్నాను. రెఫ్రీ ఒకసారి సార్ వైపు చూశాడు. సార్ బంతిని చేతిలోకి తీసుకుని, తల వంచుకుని, దానికంటిన మట్టి తుడుస్తున్నాడు. రెఫ్రీ గోల్ కిక్ ఇచ్చాడు. స్వరూప చేతులు ఒకటొకటిగా దిగాయి. ఆమె వాదించలేదు. నా వైపు చూసి, వెనక్కి తిరిగి నడుచుకుంటూ పోయింది. దూది బయటికొచ్చి ఒక బూటు కాలి నుంచి జారుతుంటే వేళ్లతో పట్టి లాక్కుంటూ పోయింది. కప్పు మాది. సాయంత్రం చదివిన క్యాంపు జాబితాలో నా పేరుంది, ఆమెది లేదు.

తిరుగు బస్సులో పిల్లలంతా పాటలు పాడుతున్నారు. సార్ డ్రైవర్ వెనక సీటులో ఒక్కడే, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మర్నాడు సాయంత్రం గ్రౌండులో ఎప్పటిలాగే వల కట్టాడు. బంతి తీసుకుని నాలుగడుగులు వెనక్కి వచ్చి విసిరాడు. వల ఉబ్బింది, బంతి జారింది, నేల మీద ఆగింది. మేమంతా ఆ మాట కోసం చూస్తున్నాం. సార్ నోరు తెరిచి, మూశాడు. "ఉర్కుండ్రి," అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత నేనున్న రోజుల్లో ఆయన నోట మళ్లీ ఆ మాట వినలేదు. మిగతావాళ్లు గమనించారో లేదో. నాకు మాత్రం ప్రతి సాయంత్రం అదే దెబ్బ.

జిల్లా నుంచి రాష్ట్రం దాకా పోయాను. ఆటల కోటాలో పీజీ సీటు వచ్చింది, ఆ చదువుతో ఈ ఉద్యోగం వచ్చింది. ఆ గోల్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు, అయినా మేమే గెలిచేవాళ్లమేమో. అలా అని చాలా రాత్రులు నన్ను నేను సముదాయించుకున్నాను. సార్ దగ్గరికి పోవడం మెల్లగా తగ్గించి, చివరికి మానేశాను. ఊళ్లోనే ఉంటూ, ఆరు మైళ్ల దూరంలో ఉన్న మనిషిని ఎనిమిదేళ్లు చూడలేదు. సిగ్గుపడ్డాను, అంతే. దానికి ఇంకో పేరు లేదు.

ఆయన దవాఖానలో ఉండి ఇంటికొచ్చాడని తెలిసి చివరికి పోయాను. హసన్‌పర్తిలో రెండు గదుల ఇల్లు. అరుగు మీద కూర్చుని వల అల్లుతున్నాడు. సగం అయ్యాడు. నన్ను చూసి ఆశ్చర్యపడలేదు, జరిగి చోటిచ్చాడు, వల చివర నా చేతికిచ్చాడు. ఒక వరుస అల్లడం అయింది. నేనే మొదలుపెట్టాను.

"సార్, ఆ రోజు ఫైనల్ల బంతి..."

"ఎరుకే బిడ్డా. నా కాళ్ల కాడికే వచ్చె గదా."

"మరి రెఫ్రీకి ఎందుకు చెప్పలే మీరు?"

"నువ్వు జెప్తవని సూసిన," అన్నాడు. సూది నాలుగు కన్నులు తిరిగింది. "కాదు. గది అబద్ధం. నువ్వు జెప్పకుంటె బాగుండు అనుకున్న. నా పిల్ల గెలవాలె అనుకున్న."

అప్పుడు చెప్పాడు, ఎవరికీ చెప్పని సంగతి. మిల్లు టీము గెలిచిన పెద్ద కప్పు ఫైనల్. ఊరు ఊరంతా ఆయన్ను భుజాల మీద ఎత్తుకున్న మ్యాచ్ అది. ఆ రోజుల్లో చాలా గ్రౌండుల్లో గోల్‌కు వలే ఉండేది కాదు, రెండు స్తంభాలు, పైన ఒక కర్ర. కాజీపేట టీములో జోసెఫ్ అనే మనిషి కొట్టిన బంతి స్తంభం పక్క నుంచి దూసుకుపోయింది. లోపలి నుంచే పోయింది. రెఫ్రీ వచ్చి కీపర్‌ను అడిగాడు.

"నేను గూడ నీ మాటనే అన్న బిడ్డా. బయట అన్న. అందరు నన్ను ఎత్తుకొని తిరుగుతాండ్రు. జోసెఫ్ ఒక్కడు గోల్ కాడ్నే నిలవడ్డడు. భుజాల మీదికెల్లి నాకు ఆయనే కనవడ్తాండు. మల్ల ఆడబుద్ధి గాలే."

"ఆయనకు చెప్పలేదా సార్?"

"మూడుసార్లు పోయిన కాజీపేటకు. ఒకసారి గల్లి కాడికెల్లి మర్లి వచ్చిన. ఒకసారి ఇంట్ల కూసోని, చాయ్ తాగి, వానల గురించి మాట్లాడి వచ్చిన. మూడోసారి పోతె ఫొటోకు దండ ఉన్నది." సార్ విరిగిన చిటికెన వేలితో దారం బిగించాడు. "వల ఉంటె మనిషిని అడిగే పని లేదు. అందుకే ఇన్నేండ్లు కుట్టుకుంట తిరిగిన. ఆ పొద్దు ఒక్క రంధ్రం మిగిలె. అది నీ పాలవడ్డది."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. గోల్‌లోకి బంతి విసిరి రోజూ ఆయన ఎవరికి జవాబు చెప్పేవాడో, నా అబద్ధం తర్వాత ఆ జవాబు ఎందుకు ఆగిపోయిందో అప్పటికి తెలిసింది. లేచి వస్తుంటే వెనక నుంచి అన్నాడు, "నాకైతె జోసెఫ్ లేడు. నీ పిల్ల ఉన్నది గదా."

"ఏ పిల్ల సార్?"

"దూది బూట్ల పిల్ల."

ఆ వానాకాలంలోనే సార్ పోయాడు. నాకు తెలిసేసరికి పదకొండో రోజు కూడా అయిపోయింది. పక్కింటావిడ ఒక పాత గుడ్డలో చుట్టిన వెదురు సూది తెచ్చి ఇచ్చింది. "నువ్వొస్తె ఇయ్యుమన్నడమ్మా. వస్తదో రాదో అని గూడ అన్నడు," అంది. సూదికి సగం దారం ఇంకా చుట్టే ఉంది. ఆ చివరి మాట నన్ను చాలా రోజులు పడుకోనివ్వలేదు.

స్వరూప ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాలేదు, పాలంపేట దగ్గరే ఒక బడిలో పీఈటీ అని వెంటనే తెలిసింది. పోవడమే కష్టమైంది. ఉత్త చేతులతో ఎలా పోతానని, ఒక గోల్‌కు సరిపడే వల అల్లుతానని పెట్టుకున్నాను. చెరువు కట్ట మీద ఒక తాత నేర్పాడు. "ఆఫీసు మేడం చేపలు పడ్తదట," అని ఏడిపిస్తూనే నేర్పాడు. పదకొండు నెలలు పట్టింది. వల అయ్యేదాకా పోనక్కర్లేదు కదా, అందుకే అన్ని నెలలు పట్టిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పోయిన నెలలో వెళ్లాను. బడి వెనక మైదానం, ఇనుప పైపుల గోల్, వల లేదు. స్వరూప మెడలో విజిల్‌తో వచ్చింది. కొంచెం లావైంది. నన్ను ఎగాదిగా చూసి, "కీపర్‌వు గదా," అంది. దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటు పోయాయో.

"ఆ రోజు బంతి లోపలికే పోయింది," అన్నాను. "నేను అబద్ధం చెప్పిన."

"నాకెరుకే. నేను గొట్టిన బంతి ఎటు వోయిందో నాకెరుకుండదా?" అంది నెమ్మదిగా. "నన్నెవరడిగిండ్రు? నిన్నే అడిగిండ్రు." కొంచెంసేపు గోల్ వైపు చూసింది. "ఇంటికి పోయి మా నాయినకు చెప్పిన, ఫైనల్ల గోల్ కొట్టిన అని. పేపర్ల లేదు గద బిడ్డా, అన్నడు. చచ్చిపోయేదాక గట్లనే అనుకున్నడు, నేను ఉత్తగ చెప్పుకున్న అని. అప్పుడు చెప్తె బాగుండు నువ్వు."

భుజం మీది వల మూట కిందికి దించాను. గంట కొట్టారు. ఏదో క్లాసుకు టీచర్ రాలేదట, తాను పోవాలంది. "వల తెచ్చినట్టున్నవ్. కడ్తె కట్టిపో," అని వరండా ఎక్కి వెళ్లిపోయింది.

ఒక్కదాన్నే కట్టాను. ఎత్తు అందక, బడి కుర్చీ తెచ్చుకుని, ఒక్కో కొక్కేనికి ముడి వేసుకుంటూ, రెండు గంటలు పట్టింది. మైదానంలో ఎవరూ లేరు. వెనక దగ్గేవాళ్లు లేరు. చివరి ముడి వేశాక, స్తంభం పక్కన పడి ఉన్న బంతి తీసుకుని, నాలుగడుగులు వెనక్కి వచ్చి విసిరాను. వల ఉబ్బి, పట్టుకుని, జార్చింది. నేల మీద ఆగేదాకా చూశాను.

"లోపల," అన్నాను. సార్‌లా మెల్లగా కాదు, రెఫ్రీకి వినపడేంత గట్టిగా.

తిరిగి చూస్తే వరండాలో స్వరూప నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. నవ్వలేదు. దగ్గరికీ రాలేదు.

"ఇంకోపాలి అను," అంది.

బంతి తెచ్చుకున్నాను. మళ్లీ విసిరాను. మళ్లీ అన్నాను.